రెగె శ్రోత ప్రయాణం: గొంతు నుంచి బేస్ దాకా

కరీబియన్ దీవి జమైకాలో పుట్టిన రెగె సంగీతంలోకి ప్రపంచంలో అత్యధికులు అడుగుపెట్టే గుమ్మం ఒక్కటే, బాబ్ మార్లే. 1981 మే 11న, 36 ఏళ్ల వయసులో, ఆయన మయామీలో కన్నుమూసిన మూడేళ్లకు విడుదలైన ‘లెజెండ్’ సంకలనం ఇప్పటికి కోట్ల ప్రతులు అమ్ముడైంది. హాస్టల్ గది గోడమీది పటంగానో, సముద్రపు ఒడ్డున హోటల్లో మంద్రంగా మోగే పాటగానో, ఫోన్‌లో ఎవరో పంపిన వీడియోగానో రెగె తొలిసారి తారసపడినవారిలో చాలామందికి ఆ పరిచయం వెనక ఉన్నది ఈ సంకలనమే. దాని కూర్పులో ప్రేమకు, ఓదార్పుకు, సయోధ్యకు పెద్దపీట వేశారు; మార్లే ఆగ్రహంతో రాసిన రాజకీయ గీతాల్లో అధికభాగం బయటే ఉండిపోయాయి. గుమ్మంగా దానికి వంక పెట్టనక్కర్లేదు. గుమ్మంలో నిలబడి ఇల్లంతా చూసేశామనుకోవడమే నష్టం, ఎందుకంటే ఈ ఇంట్లో అసలైన గదులన్నీ లోపల ఉన్నాయి.

ఆ సంకలనంలోనే ఉన్న ‘నో వుమన్, నో క్రై’ పాటను తీసుకుంటే ఈ ప్రయాణం ఎలా సాగుతుందో బోధపడుతుంది. మామూలు ఇంగ్లీషు మాత్రమే తెలిసిన చెవికి ఆ పల్లవి ‘ఆడది లేకపోతే ఏడుపూ లేదు’ అన్నట్టు వినిపిస్తుంది. జమైకా జనం మాట్లాడే పట్వాలో ఆ మాటకు అర్థం ‘వద్దమ్మా, ఏడవకు’ అని. కింగ్‌స్టన్ నగరంలోని ట్రెంచ్‌టౌన్ పేటలో, ప్రభుత్వం కట్టించిన ఇళ్ల ఉమ్మడి వాకిట్లో, రాత్రంతా రగిలిన మంట దగ్గర మొక్కజొన్న జావ పంచుకున్న రోజులను తలుచుకుంటూ ఒక స్త్రీని ఊరడించే పాట అది. రచయితగా నమోదైన పేరు విన్సెంట్ ఫోర్డ్‌ది. ఆయన మార్లే స్నేహితుడు, ఆ పేటలోనే పేదలకు అన్నం పెట్టే వంటశాల నడిపినవాడు. స్టూడియోలో రికార్డు చేసిన రూపం 1974 నాటి ‘నాటీ డ్రెడ్’ ఆల్బమ్‌లో ఉన్నా, లోకానికి తెలిసినది 1975 జూలైలో లండన్ లైసియం థియేటర్‌లో జనం గొంతు కలుపుతుండగా పాడినది. పదేళ్లపాటు ఒక అర్థంతో విన్న పాట ఒకనాడు మరో అర్థంతో చేతికి దొరికినప్పుడు, కొత్త పాట దొరికినప్పటి ఆనందంకన్నా అది పెద్దది. రెగెతో సుదీర్ఘ సహవాసం చేసినవారికి ఇలాంటి క్షణాలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. తెలిసినదాన్ని మరోసారి గుర్తుపట్టడమే ఇక్కడి ప్రధాన రసానుభూతి, ఆ సంగీతం నిర్మాణమే అందుకు తగినట్టు ఏర్పడింది.

మొదట చెవిని పట్టేది గొంతు, ఆ గొంతు చెప్పే మాట. కొంతకాలానికి దృష్టి కిందికి జారి బేస్ గిటార్ మీద, డ్రమ్స్ మీద నిలుస్తుంది. ఇంకొంత కాలానికి ఆ రెండింటి మధ్య విడిచిన ఖాళీ వినపడడం మొదలవుతుంది. దీనికి కారణం తాళంలోనే ఉంది. నాలుగు మాత్రల ఆవృత్తంలో మొదటి మాత్రను గట్టిగా కొట్టడం పాశ్చాత్య జనప్రియ సంగీతంలో సర్వసాధారణం. రెగెలో ‘వన్ డ్రాప్’ అనే పద్ధతి ప్రకారం మొదటి మాత్ర దగ్గర డ్రమ్స్ మౌనంగా ఉంటాయి. బేస్ డ్రమ్మూ స్నేర్ డ్రమ్మూ కలిసి మూడో మాత్ర మీద పడతాయి. గిటార్ రెండు, నాలుగు మాత్రల మీద పొట్టిగా, తుంచినట్టు మోగుతుంది. ఆర్గన్ ఆ సందుల్లో బుడగల్లా పొంగుతూ ఉంటుంది. తాళం పడ్డాక కాస్త ఆగి పాట ఎత్తుకోవడం కర్ణాటక సంగీతం వినే చెవికి కొత్త కాదు. అయితే ఇక్కడ తాళం వేయవలసిన మనిషే మొదటి దెబ్బను వదిలేస్తాడు. ఆ లోటును వినేవారి ఒళ్లు తనంతట తాను ఊగి పూరిస్తుంది.

మార్లే బృందమైన వైలర్స్‌లో ఈ పని చేసినవారు ఇద్దరు అన్నదమ్ములు. డ్రమ్స్ మీద కార్ల్‌టన్ బ్యారెట్, బేస్ మీద ఆస్టన్ ‘ఫ్యామిలీ మ్యాన్’ బ్యారెట్. అంతకుముందు రికార్డుల నిర్మాత లీ పెర్రీ దగ్గర వాయించిన ఈ జంట మార్లే పాటలకు వెన్నెముక. ఆస్టన్ బేస్ వరుసలను పాట లేకుండా విడిగా కూనిరాగంగా పాడుకోవచ్చు. గాయకుడి రాగానికి అది జవాబులా ఉంటుంది తప్ప కింద పరిచిన చాపలా ఉండదు. ఈ సంగతి చాలామందికి ఆలస్యంగా తెలియడానికి కారణం వినే సాధనం. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అతి కింది స్వరం సెకనుకు దాదాపు 41 కంపనాలది. ఫోన్ స్పీకరుకు గాని, పాతకాలపు చిన్న టేప్ రికార్డరుకు గాని అంత కింది నాదాన్ని పలికించే శక్తి లేదు. అలాంటి సాధనంలో ఏళ్లతరబడి రెగె విన్నవారు నిజానికి దాని పైభాగాన్ని మాత్రమే విన్నట్టు. మంచి స్పీకర్ల ముందు మొదటిసారి కూర్చున్న రోజున, కంఠస్థమైన పాటలోనే ఇంతకాలం దాగిన సగం బయటపడుతుంది.

అసలు ఈ సంగీతం పుట్టిందే అలాంటి స్పీకర్ల కోసం. 1950లలో కింగ్‌స్టన్ పేదపేటల్లో బ్యాండు మేళాన్ని పిలిపించుకునే స్తోమత లేనివారికి, ఇంట్లో గ్రామఫోను లేనివారికి సౌండ్ సిస్టమ్ వినోదమైంది. మనిషెత్తు స్పీకరు పెట్టెలను వీధిలోనో పెరట్లోనో నిలబెట్టి, అమెరికా నుంచి తెచ్చిన రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు వేసేవారు. డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ వంటి యజమానుల మధ్య పోటీ ఎంత తీవ్రంగా ఉండేదంటే, తమ దగ్గరున్న రికార్డు ఏదో ఎదుటివాడికి తెలియకుండా దానిమీది లేబుల్‌ను గీకేసేవారు. ఆ దశాబ్దం చివరికి అమెరికాలో అభిరుచి మారి అలాంటి రికార్డుల రాక తగ్గింది. అప్పుడు ఈ యజమానులే స్థానిక కళాకారులతో రికార్డులు చేయించసాగారు. 1962 ఆగస్టు 6న జమైకా స్వతంత్రమైన నాటికి స్కా అనే వేగమైన నాట్య సంగీతం ఊపులో ఉంది. 1966 ప్రాంతంలో వేగం తగ్గి రాక్‌స్టెడీ అయింది. 1968లో మేటల్స్ బృందం ఒక పాట పేరులోనే ‘రెగె’ అన్న మాట వాడింది. మార్లేతో మొదలుపెట్టిన శ్రోత సాధారణంగా వెనక్కి నడుస్తూ ఈ మెట్లన్నీ దిగుతాడు, 1970ల నుంచి 1960లకు, అక్కణ్నుంచి 1964లో ఏర్పడి ఏడాది పైచిలుకు కాలంలోనే విడిపోయిన స్కాటలైట్స్ దాకా. ఆ స్వల్పకాలంలో వారు వాయించినవి నేటికీ స్కాకు ఒరవడి.

ఈ వెనక నడకకు శ్రోత కుతూహలం ఎంత కారణమో, జమైకా సంగీతపు అలవాటు ఒకటి అంతే కారణం. అక్కడ పాటకు ఆధారమైన బేస్, డ్రమ్స్ కూర్పును ‘రిడిమ్’ అంటారు. ఒక రిడిమ్ జనానికి నచ్చితే దాని మీద పదిమంది గాయకులు పది వేరువేరు పాటలు కడతారు. పదేళ్ల తర్వాత మరో తరం వచ్చి అదే రిడిమ్‌ను మళ్లీ ఎత్తుకుంటుంది. తెలుగు పల్లెల్లో భజన బృందాలకు ఈ పద్ధతి బాగా తెలుసు. పేరుపొందిన సినిమా పాట వరుసలో రామభజన కట్టి, పుస్తకంలో పాట పైన ‘ఫలానా పాట వరుస’ అని రాసుకోవడం మన దగ్గర ఎవరికీ తప్పుగా తోచదు. వరుస అందరిదీ, కట్టిన మాట కవిది. తేడా ఒక్కటే: మన దగ్గర మళ్లీ వాడుకునేది రాగపు నడకను, జమైకాలో మళ్లీ వాడుకునేది దాని కిందనున్న లయను, చాలాసార్లు రికార్డు చేసిన ఆ టేపునే.

‘బామ్ బామ్’ చరిత్ర దీనికి చక్కని ఉదాహరణ. 1966లో జమైకా ప్రభుత్వం మొదటిసారి నిర్వహించిన ఉత్సవ గీతాల పోటీలో మేటల్స్ బృందం ఆ పేరుతో పాడి గెలిచింది. 1973లో నిర్మాత విన్‌స్టన్ రైలీ కోసం ఆన్సెల్ కాలిన్స్ ‘స్టలాగ్’ అనే వాద్య రిడిమ్ చేశాడు. 1982లో సిస్టర్ నాన్సీ అనే యువ గాయని ఆ రిడిమ్ మీద, మేటల్స్ పల్లవిని తనదైన రీతిలో మలిచి పాడింది. 1985లో అదే రిడిమ్ మీద టెనర్ సా ‘రింగ్ ది అలారమ్’ పాడాడు. 2016లో ఒక అమెరికన్ ర్యాప్ పాటలో నాన్సీ గొంతు మళ్లీ వినిపించింది. ఆ ఏడు దాన్ని విన్న పద్దెనిమిదేళ్ల కుర్రవాడు వెతుక్కుంటూ వెనక్కి వెళితే సరిగ్గా యాభై ఏళ్ల కిందటి పాట దగ్గరికి చేరతాడు. అరవై దాటిన శ్రోత అదే ర్యాప్ పాటను మనవడి ఫోన్‌లో విని, తన యవ్వనాన్ని అందులో గుర్తుపడతాడు. ఇద్దరూ ఒకే తీగకు రెండు కొసలు పట్టుకున్నవారే. ఇలాగే ‘సౌండ్ డైమెన్షన్’ వాద్యబృందం 1960ల చివర్లో కాక్సన్ డాడ్‌కు చెందిన స్టూడియో వన్‌లో వాయించిన ‘రియల్ రాక్’ విల్లీ విలియమ్స్ పాటకు ఆధారమై, ఆ పాట 1979లో ఇంగ్లండు పంక్ బృందం క్లాష్ చేతికి చేరింది. పంక్ విని పెరిగినవారు ఎందరో ఆ దారినే కింగ్‌స్టన్ చేరుకున్నారు.

ఈ పంచుకోవడంలో అన్యాయమూ ఉంది, దాన్ని దాచిపెట్టి ఆనందించడం సరికాదు. జమైకాలో ఆధునిక కాపీరైటు చట్టం 1993లో గాని రాలేదు. స్టూడియోలో వాయించినవారికి ఆ పూట కూలి తప్ప మరేమీ దక్కని కాలం అది. వారి బేస్ వరుసల మీద వందల పాటలు నడిచినా వారికి చిల్లిగవ్వ ముట్టలేదు. ‘బామ్ బామ్’ పాడిన సిస్టర్ నాన్సీకి సైతం మూడు దశాబ్దాలకు పైగా ఆ పాట మీద రాయల్టీ అందలేదు. రిడిమ్ ఉమ్మడి సొత్తు అనే భావన ఎంత అందమైనదో, ఆ ఉమ్మడిలో లాభం కొద్దిమంది చేతుల్లోనే నిలవడం అంత బాధాకరమైనది.

రిడిమ్ అలవాటు నుంచే డబ్ పుట్టింది. 1960ల చివర్లో స్పానిష్ టౌన్ సౌండ్ సిస్టమ్ యజమాని రడీ రెడ్‌వుడ్ కోసం ఒక పాటను డిస్కు మీదికి కోస్తుండగా గాయకుల గొంతు పొరపాటున కలవకుండా పోయింది. రెడ్‌వుడ్ ఆ ఖాళీ డిస్కునే ఆ రాత్రి వేస్తే, జనం గాయకుల భాగాన్ని తామే అందుకుని పాడారు. అప్పటి నుంచి రికార్డుకు రెండో వైపు గొంతు లేని ‘వెర్షన్’ వేయడం ఆనవాయితీ అయింది. దాని మీద మాటలు విసిరే ‘టోస్టింగ్’ను యూ-రాయ్ 1970లో రికార్డులకెక్కించి జనరంజకం చేశాడు. అమెరికాలో ర్యాప్ ప్రచారంలోకి రావడానికి చాలా ముందటి మాట ఇది.

ఆ వెర్షన్‌ను కళగా మార్చినవాడు కింగ్ టబ్బీ. అసలు పేరు ఆస్బోర్న్ రడక్. వృత్తిరీత్యా రేడియోలు, ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే ఎలక్ట్రానిక్స్ మెకానిక్. వాటర్‌హౌస్ పేటలోని ఇంట్లోనే, నాలుగు ట్రాకుల మిక్సింగ్ బల్ల పెట్టుకుని, పూర్తయిన పాటలోంచి గొంతును ఒక్క క్షణం వదిలి తుంచేయడం, గిటార్ ఒక్క దెబ్బను పట్టి ప్రతిధ్వనుల్లోకి విసరడం, డ్రమ్స్‌ను పూర్తిగా ఆపి బేస్‌ను ఒంటరిగా నడిపించడం చేసేవాడు. పాట అనే ఇంటి గోడలు పడగొట్టి దాని స్తంభాలు చూపించడం వంటిది ఈ పని. ఆగస్టస్ పాబ్లో నోటితో ఊదే చిన్న కీబోర్డు మెలోడికా మీద వాయించగా టబ్బీ మిక్స్ చేసిన 1976 నాటి ‘కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్’ డబ్‌కు తలమానికం. ఇరవై ఏళ్ల వయసులో డబ్ చాలామందికి అసంపూర్తిగా ఆగిన పాటలా తోస్తుంది. మూలగీతం మనసులో నాటుకున్నాకే, ఏది తీసేశారో తెలిశాకే దాని రుచి తెలుస్తుంది. వినిపించని గొంతును చెవి తానే పూరించుకోగలిగిన దశ అది. అందుకే డబ్‌ను నడివయసులో ప్రేమించేవారు ఎక్కువ. 1989లో టబ్బీ తన ఇంటి బయటే తుపాకి గుళ్లకు బలయ్యాడు.

లయ దారి ఒకటైతే, మాట దారి మరొకటి. 1980లో వచ్చిన ‘రిడెంప్షన్ సాంగ్’ మార్లే బతికుండగా వెలువడిన చివరి ఆల్బమ్‌లో చివరి పాట. బేస్ గాని డ్రమ్స్ గాని లేకుండా గిటార్ ఒక్కదానితో పాడినది. మనసుకు పట్టిన బానిసత్వం నుంచి మనల్ని మనమే విడిపించుకోవాలన్న అందులోని మాట నల్లజాతి ఉద్యమ నాయకుడు మార్కస్ గార్వీ 1937లో కెనడాలోని నోవా స్కోషియాలో చేసిన ప్రసంగంలోది. ఆ సంగతి తెలిసినవారు గార్వీని వెతుక్కుంటూ వెళితే, 1975లో ఆయన పేరుతోనే ఆల్బమ్ చేసిన బర్నింగ్ స్పియర్ దగ్గర తేలతారు. గార్వీ, మార్లే, బర్నింగ్ స్పియర్ ముగ్గురూ జమైకా ఉత్తర తీరంలోని సెయింట్ ఆన్ జిల్లావారే. స్పియర్ పాటలో పల్లవి చరణాల మలుపులు తక్కువ, జపంలా ఒకే మాటను తిప్పితిప్పి అనడం ఎక్కువ. మొదట విసుగనిపించినా, ఓపిక పట్టినవారికి రెగె మొత్తంలో అంతకన్నా గంభీరమైన గొంతు కనిపించదు.

రస్తఫారీ విశ్వాసం తెలియకుండా 1970ల పాటల్లో సగం అర్థం కావు. 1930లో ఇథియోపియా చక్రవర్తిగా పట్టాభిషిక్తుడైన హైలే సెలాసీని దైవంగా భావించిన ఆ పేదల మతంలో బాబిలోన్ అంటే అణచివేసే వ్యవస్థ, జయాన్ అంటే ఆఫ్రికా, విముక్తి. 1966 ఏప్రిల్ 21న సెలాసీ కింగ్‌స్టన్ వచ్చినప్పుడు విమానాశ్రయంలో జనాన్ని అదుపు చేయడం ఎవరి తరమూ కాలేదు. ఇక్కడ తెలుగు పాఠకులకు చెవికి తగిలే మాట ఒకటుంది. రస్తాలు పవిత్రంగా చూసే మొక్కను జమైకాలో ‘గాంజా’ అంటారు. 1845 నుంచి చెరకు తోటల్లో కూలిపనికి వెళ్లిన భారతీయుల వెంట ఆ మాట అక్కడికి చేరింది. మన ‘గంజాయి’కి అది తోబుట్టువు. రెగె వ్యాపార చరిత్రలోనూ భారతీయ రక్తం ఉంది: కింగ్‌స్టన్‌లో భర్తతో కలిసి ర్యాండీస్ రికార్డుల దుకాణాన్ని, ఆ తర్వాత న్యూయార్క్‌లో వీపీ రికార్డ్స్‌ను నిలబెట్టిన ప్యాట్రీషియా చిన్‌వి భారత, చైనా మూలాలు.

బ్రిటన్‌కు వలసవెళ్లిన జమైకన్ల పిల్లలు చేసిన రెగెది మరో లోకం. 1979లో జానెట్ కే పాడిన ‘సిల్లీ గేమ్స్’ వంటి ‘లవర్స్ రాక్’ ప్రేమగీతాలు, బర్మింగ్‌హామ్ స్టీల్ పల్స్ బృందపు ఆగ్రహం, లింటన్ క్వేసీ జాన్సన్ కవితలు, అన్నీ ఒకే దశాబ్దంలో పక్కపక్కన వచ్చాయి.

జీవితకాలపు శ్రోతలు చాలామంది మార్లే పోయిన 1981తో రెగె ముగిసిందని తలుపు మూసేస్తారు. ఇది పెద్ద పొరపాటు. 1985లో టబ్బీ శిష్యుడు కింగ్ జామీ నిర్మాణంలో వేన్ స్మిత్ పాడిన ‘అండర్ మి స్లెంగ్ టెంగ్’లో మనిషి వాయించిన బేస్ లేదు, చవకైన కాసియో ఎంటీ-40 కీబోర్డులో ముందే నింపిన లయ అది. దాంతో డిజిటల్ యుగం మొదలై, స్టూడియో వాద్యకారుల పని ఒక్కసారిగా తగ్గింది. పాత శ్రోతల అలకకు కారణం ఉంది. అయితే ఆ లయను కీబోర్డులో పెట్టిన జపాన్ ఇంజనీరు హిరోకో ఒకుడా సంగీత కళాశాలలో రెగె మీదే పరిశోధన వ్యాసం రాసిన అభిమాని. కింగ్‌స్టన్ నుంచి టోక్యో వెళ్లిన సంగీతం ఒక శ్రోత చేతిమీదుగా యంత్రంలో ఒదిగి, తిరిగి కింగ్‌స్టన్ చేరి అక్కడి సంగీతాన్నే మార్చింది. దీన్ని పతనం అనడానికి నోరు రాదు. ఈ డిజిటల్ లయల మీద సాగిన తర్వాతి డాన్స్‌హాల్ శైలిలో నిజంగా తప్పుపట్టవలసినవి వేరే ఉన్నాయి. 1990ల పాటలు కొన్ని స్వలింగ సంపర్కుల మీద హింసను బాహాటంగా సమర్థించాయి; లయ ఎంత బాగున్నా ఆ మాటలను క్షమించలేం.

వయసుతోపాటు రికార్డుల మీద చూపూ మారుతుంది. వైలర్స్ తొలి అంతర్జాతీయ ఆల్బమ్ ‘క్యాచ్ ఎ ఫైర్’ 1973లో వచ్చినప్పుడు, జమైకాలో రికార్డయిన టేపుల మీద లండన్‌లో రాక్ గిటార్, కీబోర్డులు అదనంగా చేర్చారు, తెల్లవారి చెవికి దగ్గరవుతుందని. ఆ చేర్పులు లేని జమైకా మిక్స్ 2001లో విడుదలైంది. మొదటి రూపంతో ముప్పై ఏళ్లు గడిపినవారు రెండోదాన్ని వింటే, పరిచిత ముఖం నుంచి రంగు కడిగేసినట్టుంటుంది. పాట నిదానంగా, బరువుగా, మరింత విడివిడిగా వినిపిస్తుంది. రెండింటిలో ఏది అసలైనదన్న తగువు తెగేది కాదు, ఎందుకంటే గిటార్ చేర్పులను విని ఈ దారిలోకి వచ్చినవారే కోకొల్లలు. మొత్తంమీద జమైకా మిక్స్‌లో బేస్‌కు దొరికిన చోటు ఎక్కువ, దీర్ఘకాలపు శ్రోత చివరికి దానివైపే మొగ్గుతాడు.

శరీరం తీరు కూడా ఇందుకు తోడవుతుంది. వయసు మీదపడ్డ చెవి ముందుగా కోల్పోయేది హెచ్చు స్థాయి నాదాలను. తాళాల గలగల, వయొలిన్ అంచులోని మెరుపు, మాటల్లోని ఊష్మాక్షరాలు మొదట మసకబారతాయి. కింది నాదాలు చాలాకాలం నిలుస్తాయి, చెవికి అందనంత కిందివి గుండెలోనూ పాదాల్లోనూ తెలుస్తాయి. డెబ్బై ఏళ్ల వయసులో ‘రియల్ రాక్’ పెట్టుకున్న మనిషికి పైన ట్రాంబోన్ కాస్త దూరంగా జరిగి ఉండవచ్చు గాని, దాని బేస్ మాత్రం తొలినాడు తగిలిన చోటే తగులుతుంది.